కుక్కకు, పిల్లికి జ్వరము వచ్చినపుడు

పెంపుడు కుక్క అనగానే అది పట్టణవాసుల వేడుక యని తలచువారు కొందరు గలరు. పల్లెజీవనము నెఱిగినవారు అట్లు తలపరు. గొఱ్ఱెల మందను పొలములో నిలిపిన కాపరికి కుక్క తోడు లేనిదే రాత్రి కంటికి కునుకు రాదు. కల్లములో ధాన్యపురాశి యున్నన్నాళ్లు, బావికడ మోటారు ఉన్నన్నాళ్లు రైతునకు కాపలా కుక్కదే. ధాన్యము నిలువచేసిన యింట ఎలుకలను అదుపులో నుంచునది పిల్లి. ఇంత సేవ చేయు ఈ జీవులకు జబ్బు చేసినపుడు మాత్రము మన శ్రద్ధ మిక్కిలి తక్కువ. గేదెకు జ్వరము తగిలినచో ఆ పూటయే పశువైద్యశాలకు కబురుపంపు రైతు, కుక్క మూడు దినములు అన్నము ముట్టక మూలబడి యున్నను "అదే లేచునులే" యని ఊరకుండును. లేదా జాలిపడి, ఇంటిలో మనుష్యులకై తెచ్చి యుంచిన జ్వరపు మాత్ర నొకదానిని పాలలో కలిపి పోయును. ఈ రెండింటిలో రెండవదియే యెక్కువ ప్రమాదకరము. అది యెట్లో ముందు వివరింపబడును.

ఇది యింటివారి సొంతవిషయము కదా, పంచాయతీకి దీనితో పని యేమి యని సభ్యులకు సందేహము కలుగవచ్చును. కుక్కకు వచ్చు జబ్బులలో కొన్ని ఆ కుక్కతో ఆగిపోవు. ఎలుకజ్వరము కుక్కనుండి మనిషికి రాగలదు. ఒక యింటి కుక్కపిల్లకు తగిలిన పార్వో వ్యాధి వీధిలోని పిల్లలన్నింటిని తుడిచిపెట్టగలదు. పిచ్చికుక్క రోగము సంగతి చెప్పనక్కరలేదు. జ్వరముతో పడియున్న కుక్కను చూచి "ఇది సామాన్యజ్వరమా, వేరొకటా?" యని అడుగదెలిసినవాడు ఊరికొక్కడున్నను ఆ ఊరికి మేలు. అట్టివాడు పంచాయతీ సభ్యుడైనచో మరియు మేలు, ఏలయన అతని మాట నలుగురు విందురు.

చేతికి తెలియని జ్వరము

మనిషి శరీరోష్ణము సాధారణముగా 98.6 డిగ్రీల ఫారెన్‌హీట్. కుక్కకు, పిల్లికి అంతకంటె హెచ్చు. ఆరోగ్యముగా నున్న కుక్క శరీరోష్ణము 101 మొదలు 102.5 డిగ్రీల వఱకు నుండును. పిల్లికిని దాదాపు అంతియే. కోడి శరీరోష్ణము 105 డిగ్రీలు దాటియుండుట కోళ్లను పెంచువారికి తెలిసినదే. ఏ జీవికి తగిన వేడి ఆ జీవికి గలదు. కావున కుక్క చెవిమీదనో పొట్టమీదనో చేయివేసి "ఒళ్లు కాలిపోవుచున్నది" అనుట సరికాదు. మన చేతికి అది యెల్లప్పుడును వెచ్చగానే తోచును. ముక్కు తడిగా నున్నచో ఆరోగ్యము, పొడిగా నున్నచో జ్వరము అను నమ్మకము కూడ చాలమందికి గలదు. నిదురలేచిన కుక్క ముక్కు పొడిగా నుండును. ఎండలో తిరిగినను పొడిగా నుండును. 104 డిగ్రీల జ్వరములోను తడిగా నుండవచ్చును. ముక్కును బట్టి జ్వరమును నిర్ణయించుట, మబ్బును చూచి పంట దిగుబడి చెప్పుటవంటిది.

జ్వరము నిర్ణయింపగలది థర్మామీటరు ఒక్కటే. మందుల దుకాణములో దొరకు, అంకెలు చూపు సామాన్యపు డిజిటల్ థర్మామీటరు చాలును. గాజుది పగిలినచో ప్రమాదము గనుక వాడకుండుట మంచిది. జంతువులకు వాడుదానిని మనుష్యులకు వాడరాదు. దానికి గుర్తుగా ఎఱ్ఱదారము కట్టి వేరుగా నుంచవలెను. కొననకు కొంచెము కొబ్బరినూనె రాచి, తోకను మెల్లగా పైకెత్తి, మలద్వారములో ఒక అంగుళము మేర చొప్పించి, అది కూయువఱకు పట్టుకొనవలెను. ఒకరు తలవైపున నుండి మెడను నిమురుచు మాటలాడుచుండవలెను. ఆ మనిషి కుక్క నమ్మిన యజమానియే కావలెను. పిల్లిని మందపాటి తువ్వాలులో చుట్టి, తోకవైపు మాత్రము తెరచి యుంచినచో గోళ్ల బాధ తప్పును. పరుగెత్తి వచ్చిన జంతువునకు, ఎండనుండి వచ్చినదానికి, భయపడినదానికి వేడి కొంత పెరిగియుండును. అట్టిదానిని నీడలో అరగంట విశ్రాంతిగా నుంచి పిదప చూడవలెను.

103 డిగ్రీలు దాటినచో జ్వరమని యెంచవలెను. 104 దాటినను, అంతకు తక్కువ జ్వరమే ఒక దినముకంటె యెక్కువ నిలిచినను వైద్యునికి చూపవలెను. 106 డిగ్రీలు ప్రాణాపాయము. అప్పుడు గంటలు లెక్కపెట్టుచు కూర్చుండరాదు. అట్లే, జబ్బుగా నున్న జంతువునకు ఉష్ణము 99 డిగ్రీలకు దిగిపోయినచో "జ్వరము తగ్గినది" అని సంతోషింపరాదు. విరేచనములతో, రక్తస్రావముతో నీరసించిన జంతువు శరీరము చల్లబడుట జ్వరముకంటె చెడ్డ గుర్తు. ఇందుకు ఒక మినహాయింపు గలదు: నిండుచూలుతో నున్న ఆడకుక్కకు ఈనుటకు ఒకదినము ముందు ఉష్ణము 99 డిగ్రీలకు దిగుట సహజము. గొఱ్ఱెల కాపరులలో అనుభవజ్ఞులు థర్మామీటరు లేకయే, అది తిండిమాని గూడు వెదకుకొనుటను బట్టి దీనిని పసిగట్టుదురు.

థర్మామీటరు తీయుటకు ముందు కంటికి కనబడు గుర్తులును కొన్ని గలవు. పిలిచినను తోక ఊపని కుక్క, ఎప్పుడును గుమ్మములో నుండునది పోయి పశువులపాక చీకటిలో ముడుచుకొని పడుకొనుట, వణకుట, కన్నులు ఎఱ్ఱబడుట, అన్నము వాసన చూచి వదలివేయుట, ఇవన్నియు జ్వరమును సూచించును. పిల్లి తన బాధను దాచుకొను జంతువు. అది జ్వరము వచ్చినపుడు అటకమీదనో ధాన్యపు బస్తాల వెనుకనో చేరి కనబడకపోవును. రోజుల తరబడి ఒళ్లు నాకుకొనక వెండ్రుకలు చింపిరిగా నున్న పిల్లి జబ్బుపడినదే యని తెలియవలెను.

జ్వరము ఏల వచ్చును?

జ్వరము తానుగా ఒక రోగము కాదు. శరీరములో సూక్ష్మజీవులు ప్రవేశించినపుడు, వానితో పోరుటకై మెదడు శరీరపు వేడిని కావలయునని పెంచును. అందుచేత జ్వరమును మాత్రము దించి, కారణమును వదలినచో ప్రయోజనము లేదు. ఒక్కొక్కప్పుడు కీడు కూడ. మన గ్రామములలో కుక్కలకు జ్వరము తెచ్చు కారణములలో ముఖ్యమైనది పిడుదుల ద్వారా వచ్చు జ్వరము. దానిని గూర్చి వేరుగా చెప్పుదము. టీకా వేయింపని కుక్కపిల్లలకు డిస్టెంపరు, పార్వో అను రెండు వ్యాధులు వచ్చును. డిస్టెంపరులో జ్వరముతోబాటు కంటిపుసి, ముక్కునుండి చిక్కని చీమిడి, దగ్గు మొదలై, కొన్ని వారములకు కాళ్లు, దవడలు అదరుట వచ్చును. పార్వోలో వాంతులు, దుర్గంధముతో రక్తవిరేచనములు. పిల్ల రెండుమూడు దినములలోనే చనిపోవచ్చును. ఈ పార్వో క్రిమి ప్రపంచమున 1978 ప్రాంతమున వ్యాపించిన క్రొత్తది. మట్టిలో నెలల తరబడి బ్రతికియుండును. కావున పార్వోతో పిల్ల చనిపోయిన యింట వెంటనే మరియొక పిల్లను తెచ్చి అచ్చటనే కట్టివేయుట, దానిని చేజేతుల చంపుకొనుటయే. ఆ స్థలమును బ్లీచింగు పొడి నీటితో కడిగి, క్రొత్త పిల్లకు టీకాలన్నియు పూర్తియైన పిదపనే తేవలెను.

పల్లపు భూములలో, వరిచేల కాలువలలో తిరుగు కుక్కలకు ఎలుకమూత్రము కలిసిన నీటివలన ఎలుకజ్వరము వచ్చును. జ్వరము, వాంతులు, కన్నులును చిగుళ్లును పచ్చబడుట దీని గుర్తులు. ఆ కుక్క మూత్రములోను క్రిములుండును గనుక దానికి సేవచేయువారు చేతులకు తొడుగు వేసికొనవలెను. కాళ్లకు పుండ్లున్నవారు ఆ చోటికి పోరాదు. పిల్లుల విషయములో ముఖ్యకారణము మరియొకటి. మగపిల్లులు రాత్రివేళ పోరాడుకొనును. పంటిగాటు చూచుటకు సూదిపొడుపంత. పైన చర్మము మూసుకొనిపోయి లోపల చీముపట్టి, మూడునాలుగు దినములకు గడ్డకట్టి జ్వరము వచ్చును. పిల్లి ఒళ్లంతయు తడిమి చూచినచో తోక మొదటనో, చెంపపైననో, కాలిపైననో ఆ గడ్డ దొరకును. దానిని బ్లేడుతో కోయ ప్రయత్నింపక వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

వడదెబ్బ జ్వరము కాదు

వేసవిలో రేకుల పాక క్రింద కట్టివేసిన కుక్క మధ్యాహ్నమునకు నాలుక బయటపెట్టి రొప్పుచు, చొంగ కార్చుచు, తూలి పడిపోవును. థర్మామీటరు 106 చూపును. ఇది జ్వరము కాదు, వడదెబ్బ. జ్వరములో శరీరము తానే వేడిని పెంచుకొనుచున్నది. వడదెబ్బలో వేడిని వెలికి పంపలేక ఓడిపోవుచున్నది. కుక్కకు మనవలె ఒంటినిండ చెమట పట్టదు. పాదముల క్రింద మాత్రము కొంచెము పట్టును. దానికి గల చల్లబడు మార్గము రొప్పుట యొక్కటే. ముక్కు చప్పిడిగానుండు జాతుల కుక్కలు సరిగా రొప్పజాలవు గనుక మొదట బలియగునవి అవియే. ఇట్టి జాతులను మోజుపడి తెచ్చి రాయలసీమ యెండలలో పెంచుట యేమి వివేకమో తెలియదు.

వడదెబ్బకు మాత్రలు పనిచేయవు. కుక్కను వెంటనే నీడకు మోసి, మామూలు బావినీటితో పొట్ట, తొడలు, పాదములు తడుపుచు విసరవలెను. విద్యుత్ పంఖా ఉన్నచో దాని క్రింద నుంచవలెను. మంచుగడ్డలు పెట్టరాదు, చర్మములోని రక్తనాళములు ముడుచుకొని లోపలి వేడి లోపలనే చిక్కుకొనును. తడిగోనె కప్పి యుంచుటయు మంచిది కాదు. కొంతసేపటికి ఆ గోనెయే వేడిని బంధించును. ఉష్ణము 103కు దిగగానే తడుపుట ఆపవలెను. తెలివిలేని కుక్క నోట నీరు పోయరాదు. లేచి తిరిగినను ఆ దినమే వైద్యునికి చూపవలెను. మూత్రపిండములు దెబ్బతిన్న సంగతి మరునాటికి గాని బయటపడదు.

మన మాత్రలు వానికి విషము

పారాసెటమాల్ మాత్ర లేని యిల్లు నేడు అరుదు. పసిబిడ్డలకు కూడ వైద్యులు ఇచ్చునది గనుక అది నిరపాయమని అందరు నమ్ముదురు. పిల్లికి అది విషము. మన కాలేయము ఆ మందును ఒక విధమైన రసాయనక్రియచే నిర్విషముచేసి మూత్రముద్వారా పంపివేయును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి చాల తక్కువ. మిగిలిన మందు విషముగా మారి దాని రక్తకణములను పాడుచేయును. రక్తము ప్రాణవాయువును మోయజాలదు. కొన్ని గంటలలో చిగుళ్లు ఎఱుపు పోయి మట్టిరంగునకు తిరుగును. ముఖము, పాదములు వాచును. పిల్లి నోరు తెరచి ఊపిరికై పెనుగులాడును. కిలో బరువునకు 10 మిల్లీగ్రాముల మోతాదులోనే పిల్లులలో విషలక్షణములు కనబడిన సందర్భములు గలవు. ఊరిపిల్లి బరువు మూడు, నాలుగు కిలోలు. మాత్రలో నుండునది 500 మిల్లీగ్రాములు, ఇప్పటి వాడుకలో 650. అనగా "చిన్నదే కదా" యని పావుమాత్ర యిచ్చినను ఆ హద్దునకు మూడురెట్లు దాటినట్లే. జ్వరముతో బ్రతుకగలిగిన పిల్లి మనము చూపిన దయవలన చనిపోవుచున్నది. ఎవరైన అప్పటికే ఇచ్చి యున్నచో దాచక, ఎంత ఇచ్చినది, ఎప్పుడు ఇచ్చినది వైద్యునికి చెప్పవలెను. తొలిగంటలలో విరుగుడు మందు పనిచేయును.

కుక్క కాలేయము పిల్లి కాలేయముకంటె బలమైనదే గాని, మోతాదు మించినచో దానికిని ముప్పే. ఇక ఒళ్లునొప్పులకు మనము వాడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కలకును పిల్లులకును జీర్ణాశయములో పుండ్లు చేసి రక్తము కక్కించును, మూత్రపిండములను చెడగొట్టును. ఈ డైక్లోఫెనాక్ పశువులకు వాడుటవలననే, వాని కళేబరములు తిన్న రాబందులు మన దేశములో దాదాపు అంతరించినవి. 2006లో ప్రభుత్వము దానిని పశువైద్యములో నిషేధించినది. ఒక జీవికి మందైనది మరియొక జీవికి విషమగుననుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. కుక్కలకు, పిల్లులకు తగిన జ్వరపుమందులు వేరుగా గలవు. అవి పశువైద్యుడు బరువు చూచి నిర్ణయింపదగినవి.

ఇంటిలో చేయదగిన సంరక్షణ

వైద్యుడు వచ్చులోపల చేయవలసినది కొద్ది. గాలివచ్చు నీడలో, పొడి గోనెపై పడుకొనబెట్టవలెను. మంచినీరు ముక్కునకు అందునంత దగ్గర నుంచి, పూటకొకసారి మార్చవలెను. జ్వరములో ఆకలికంటె దాహము ముఖ్యము. తానుగా త్రాగనిదానికి బలవంతముగా గొట్టముతోనో ఉగ్గుగిన్నెతోనో పాలు పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి జారి, జ్వరము కాస్త న్యుమోనియా యగును. పెద్ద పిల్లులలో చాలవాటికి పాలు సరిగా అరుగక విరేచనములగును. పిల్లి అనగానే పాలు తలచుట మన అలవాటు గాని పిల్లి అవసరము కాదు. కుక్కకు ఉప్పు, కారము, ఉల్లి లేని మెత్తని అన్నము కొద్దికొద్దిగా పెట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి కుక్కకును పిల్లికిని రక్తకణములను చెడగొట్టునవి.

లంఖణము పరమౌషధమని పెద్దలు చెప్పుదురు. మనుష్యుల మాట యెట్లున్నను పిల్లి విషయములో ఇది చెల్లదు. రెండుమూడు దినములు ఏమియు తినని పిల్లికి, ముఖ్యముగా బొద్దుగా నున్నదానికి, కాలేయములో క్రొవ్వు పేరుకొని ప్రాణముమీదికి వచ్చును. కావున చేపముక్కను ఉడికించి, కొంచెము వెచ్చజేసి, వాసన తగులునట్లు ముందుంచవలెను. అప్పటికిని ఒకదినమంతయు తిననిచో వైద్యుని పిలువవలసినదే.

పిడుదులు

పిడుదులను తెలంగాణమున గోమార్లు అందురు. కుక్కను పట్టు గోధుమరంగు పిడుదు మన ఊళ్లలో ఏడాది పొడుగున నుండును. ఇది రక్తముతోబాటు ఎర్లిచియా, బబీసియా అను క్రిములను ఒక కుక్కనుండి మరియొకదానికి మోయును. జ్వరము వచ్చి తగ్గుట, మరల వచ్చుట, చిగుళ్లు పాలిపోవుట, పొట్టమీద ఎఱ్ఱచుక్కలు, ముక్కువెంట రక్తము కారుట ఎర్లిచియా గుర్తులు. మూత్రము కాఫీరంగుగా వచ్చినచో బబీసియా యని అనుమానింపవలెను. రక్తపరీక్షచే నిర్ణయించి తగిన మందు వాడినచో చాలవఱకు కుదురును. ఎర్లిచియాకు ఇచ్చు మందు సాధారణముగా నాలుగు వారములు వాడవలెను. ఇచ్చటనే మనవారు పొరబడుచున్నారు. మూడవనాటికి కుక్క లేచి అన్నము తినును, మాత్రలు అటకెక్కును, రెండు నెలలకు జ్వరము మరల వచ్చును, ఈసారి రక్తము విరిగిపోయి.

పిడుదును లాగునపుడు చర్మమునకు ఆనించి చిమటాతో పట్టి తిన్నగా లాగి, సబ్బునీటిలో పడవేయవలెను. వ్రేళ్లతో నలుపరాదు. రక్తము త్రాగి ఉబ్బిన ఆడపిడుదు రాలిపోయి గోడ పగుళ్లలో వేలకొలది గ్రుడ్లు పెట్టును; అందుచేత కుక్కకు మాత్రము మందువేసి, అది పడుకొను చోటిని విడిచినచో పని సగమే. పగుళ్లను పూడ్చి, గోడలకు సున్నము వేయించి, గోనెలను మార్చవలెను. పైరునకు చల్లు పురుగుమందును కుక్క ఒంటికి పూయు దుర్వాడుక కొన్ని చోట్ల గలదు. కుక్క దానిని నాకి, చర్మముద్వారా పీల్చి, సాయంకాలమునకు కొట్టుకొని చచ్చును. పశువుల పిడుదులకు వాడు పెర్మెత్రిన్ జాతి మందులు కుక్క కొంతవఱకు ఓర్చుకొనినను పిల్లి ఓర్చుకొనదు. పూసిన కుక్క ప్రక్కన పిల్లిని పడుకొననిచ్చుటయు ప్రమాదమే.

జ్వరమని పొరబడరానిది

ఇంతవఱకు చెప్పినదంతయు థర్మామీటరుతో దగ్గరకు పోవచ్చునని. పోరాని సందర్భ మొకటి గలదు. కుక్క నడవడిలో అకస్మాత్తుగా మార్పు, మొఱుగు గొంతు బొంగురుపోవుట, రాళ్లు కఱ్ఱలు కొఱుకుట, కారణము లేక కఱచుట, చీకటికి పారిపోవుట, నీరు మ్రింగలేకపోవుట రేబిసు గుర్తులు. ఇందు రెండవ విధము మూగది; అదియే మరింత మోసకరము. ఆ కుక్క ఎవరిని కఱవదు. క్రింది దవడ వ్రేలాడి, చొంగ కారుచు, గొంతులో ఏదో అడ్డుపడినట్లు పెనుగులాడుచు దీనముగా చూచును. "ఎముక గుచ్చుకొన్నది, పాపము" అని యజమాని దాని నోట చేయిపెట్టి వెదకును. ఆ చొంగలో రేబిసు క్రిములుండును. చేతిపై గీరుకుపోయిన చిన్న గాటు చాలును. దవడ వ్రేలాడిన కుక్క నోట, పిల్లి నోట, ఆ మాటకువచ్చిన మేత మాని చొంగ కార్చు ఆవు నోటనైనను, చేయి పెట్టరాదు. దూరమునుండి గదిలోనో కంచెలోనో బంధించి, పశువైద్యునికి కబురంపవలెను.

కఱచినను, గీరినను, పుండుమీద చొంగ తగిలినను మొదటి చికిత్స అందరి చేతులలో నున్నది: ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగుట. పసుపు, సున్నము, కారము, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. ఆ దినమే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోయి టీకా ప్రారంభించి, చెప్పిన దినములన్నింట తప్పక వేయించుకొనవలెను. కఱచిన కుక్కను, పిల్లిని పదిదినములు కనిపెట్టి చూచుట మంచిదే. కాని అది చచ్చునో బ్రతుకునో చూచి పిదప టీకా వేయించుకొందమనుట తగదు. లక్షణములు బయటపడిన మనిషి బ్రతుకుట దాదాపు లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు, పిచ్చికుక్క కఱచిన తొమ్మిదేండ్ల బాలునికి మొదటిసారిగా టీకా వేయించెను. ఆ దినమును ప్రపంచ జంతుసంక్రమిక వ్యాధుల దినముగా పాటించుచు, మన రెండు రాష్ట్రములలోను పశువైద్యశాలలలో కుక్కలకు రేబిసు టీకాలు ఉచితముగా వేయుచుందురు. టీకా వేయించుకొను కుక్కకు మూడు నెలల వయస్సు నిండియుండవలెను. పిదప ఏటేట వేయింపవలెను. జూన్ నెలలోనే ఊరిలోని పెంపుడు కుక్కల, పిల్లుల పట్టిక వ్రాయించి, పశువైద్యునికి ఇచ్చి, ఆ దినమున శిబిరము మన ఊరిలోనే జరుగునట్లు కోరుట పంచాయతీ చేయదగిన పనులలో మొదటిది. పట్టిక లేని ఊరికి ఎన్ని మోతాదులు తేవలెనో ఎవరికి తెలియును? డిస్టెంపరు, పార్వో, ఎలుకజ్వరములకు కలిపి వేయు టీకా వేరు. అది కుక్కపిల్లకు ఆరు, ఎనిమిది వారముల ప్రాయమున మొదలుపెట్టి, నాలుగు నెలలు నిండువఱకు మూడునాలుగు వారములకొకసారి వేయింపవలెను. దీని ఖర్చు యజమాని భరింపవలసియుండును.

యజమాని లేని వీధికుక్కల సంగతి వేరు. వానిని విషము పెట్టి చంపించుట చట్టసమ్మతము కాదు. చంపిన చోటికి పొరుగూరినుండి టీకాలేని క్రొత్తవి చేరును గనుక ప్రయోజనమును లేదు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జంతుజనన నియంత్రణ నియమములు, వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స, రేబిసు టీకా జరిపించు బాధ్యతను స్థానికసంస్థలపై నుంచినవి. చిన్న పంచాయతీ ఒక్కటే ఈ భారమును మోయుట కష్టము. నాలుగైదు గ్రామములు కలిసి పశుసంవర్ధక శాఖతో మాటలాడుట నయము. కోళ్ల దుకాణముల వ్యర్థములను ఊరిచివర పారవేయుట మాన్పించినచో కుక్కల గుంపులు తామే పలుచబడును. వేసవిలో పశువుల నీళ్లతొట్టె ప్రక్కన కుక్కల కందునట్లు ఒక మట్టి మూకుడు ఉంచుటకు ఏ తీర్మానము నక్కరలేదు.

పంచాయతీ కార్యాలయములో ఎఱ్ఱదారము కట్టిన థర్మామీటరు ఒకటి, పశువైద్యశాల ఫోను సంఖ్య గోడపై పెద్ద అక్షరములతో, దాని క్రింద "జ్వరపు మాత్రలు పిల్లికి ప్రాణాంతకము" అను ఒక వాక్యము ఉన్నచో చాలును. 1962 సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు తెలంగాణములో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను ఆరంభమైనది. కుక్కలకు, పిల్లులకు ఆ వాహనములో ఏయే చికిత్సలు జరుగునో, అది మన మండలములో ఏ దినమున ఏ ఊరికి వచ్చునో ముందుగానే విచారించి ఆ గోడమీదనే వ్రాయింపవలెను. అర్ధరాత్రి అవసరము వచ్చినపుడు విచారించుట ఆలస్యమగును.

జబ్బుతో చనిపోయిన కుక్కను, పిల్లిని కాలువలో వేయుటయు, పెంటమీద పారవేయుటయు మాన్పింపవలెను. వట్టి చేతులతో తాకక, ఊరి బావులకు, చెరువునకు దూరముగా లోతుగా గుంటతీసి, సున్నము చల్లి పూడ్చవలెను. మనుష్యులను కఱచి చనిపోయినదైనచో పూడ్చుటకు ముందే పశువైద్యునికి తెలుపవలెను. దాని తలను పరీక్షకు పంపవలసియుండవచ్చును.